ఏ తాడూ పట్టని దండాసి

సన్యాసిరావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోరు విప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. కణశాస్త్రంలో అంత పేరున్న మనిషి, బల్ల మీద పుస్తకాలు నిలువెత్తున పెట్టుకుని, చిన్న సందేహానికి కూడా శిష్యుల్ని ఎండలో తిప్పడమేమిటని విశాఖపట్నంలో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళంతా ఏదో ఒకరోజు విసుక్కున్నవాళ్ళే. హైమ మాత్రం ఆ శనివారం విసుక్కునే ఓపిక కూడా లేక ఆయన ఎదుట కూర్చుంది.

మూడేళ్ళుగా ఆమె రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్ కణాలతో కుస్తీ పడుతోంది. కణం చుట్టూ ఉండే పల్చటి పొరలో చక్కెరను లోపలికి చేరవేసే ప్రొటీన్లు చాలా ఉంటాయి. వాటి మధ్యనే, చూడ్డానికి అచ్చం వాటిలాగే ఉండే ఇంకో ప్రొటీన్ ఉంది. చక్కెర వస్తే పట్టుకుంటుంది గానీ రవ్వంత కూడా లోపలికి పంపదు. దండగమారిది కదా అని హైమ అది లేని కణాలను తయారుచేసింది. తీరా చూస్తే అవి చక్కెర నీళ్ళలో మునిగి ఉండి కూడా ఆకలితో సోలిపోయాయి. ఆరుసార్లు మళ్ళీ చేసింది. ఆరుసార్లూ అదే తంతు. తప్పు తన చేతిదో, కణాలదో, అసలు తప్పంటూ ఉందో లేదో కూడా ఆమెకు తెలియకుండా పోయింది. సోమవారం సిద్ధాంత గ్రంథం అప్పజెప్పాలి. ఆ అధ్యాయం తీసేస్తే మూడేళ్ళ కష్టం గంగపాలు. ఉంచితే పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్నకే నీళ్ళు నమలాలి.

“ఏదీ మొయ్యనిది పోతే కణానికి తిండి ఎందుకు అందదు మాస్టారూ? నాకు బుర్ర పనిచెయ్యడం లేదు,” అంది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

భీమిలి దాటాక ఒక జాలరివాడ దగ్గర బస్సు దిగారు. పొద్దున్నుంచీ ఒక్క చేప పడలేదట. వల పడవలోనే పొడిగా ఉంది. ఆడవాళ్ళు గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. పోటు పెరుగుతోందని ఇరవై మంది మగవాళ్ళు పడవకి తాడు కట్టి పైకి ఈడుస్తున్నారు. ఇసుకదిబ్బ మీద మాత్రం దండాసి అనే ముసలాయన తువ్వాలు చేత్తో పట్టుకుని, సముద్రం కేసి చూస్తూ తీరిగ్గా నిలబడి ఉన్నాడు. అసలే చిరాకులో ఉన్న హైమకి ఆ తీరిక చూస్తే ఒళ్ళు మండింది.

“ఏం తాతా, ఇంతమంది చెమటలు కక్కుతుంటే నువ్వు షికారుకొచ్చావా?” అంది నవ్వుతూనే.

దండాసి ఆమె కేసి ఒకసారి చూసి, తువ్వాలు తలకి చుట్టుకుని దిబ్బ దిగాడు. ఒక చెయ్యి కలిసిందని తాడు దగ్గరివాళ్ళు జరిగి చోటిచ్చారు. హైమ కూడా వెళ్ళి తాడందుకుంది. మాస్టారు అప్పుడే ఒక మాట అని ఉంటే ఈ కథ ఉండేది కాదు, ఆ వాడలో ఆ పూట కూర ఉండేది.

పావుగంటలో పడవ ఒడ్డెక్కింది. మూడేళ్ళలో మొదటిసారి ఏదో ఒక పని పూర్తిచేశానన్న తృప్తితో హైమ చేతులు దులుపుకుంది. అప్పుడే దక్షిణం వైపు నుంచి నూకాలు అనే ఆవిడ తీరం వెంట గబగబా వచ్చింది.

“ఏటర్రా, అందరూ తలకాయలొంచుకుని ఉండిపోనారు? మలుపుకాడ నీళ్ళు నల్లగా ఉడికిపోనాయి. కవళ్ళు. ఒడ్డుకి ఇంత దగ్గిరికొచ్చి ఎలిపోనాయి. ఎవులూ సూడనేదా?”

అంత గుంపు దొరికితే ఆ చిన్న చేపలే వాడంతటికీ రెండు రోజులు సరిపోయేవి. అందరూ దండాసి వైపు చూశారు. ఏం జరిగిందో అర్థంకాక హైమ పక్కనున్న నూకాలుని అడిగింది.

“ఆడు దిబ్బెక్కి తువ్వాలిసిరితేనే గదమ్మా మావోళ్ళు వలేస్తారు. ఎటిసిరితే అటే. నలబై ఏళ్ళనించీ ఆడి పనదే,” అంది నూకాలు.

హైమకి ఇసుకలో కూరుకుపోతే బాగుండుననిపించింది. దండాసి దగ్గరికి వెళ్ళి, “నావల్లే తాతా,” అంది.

“నీ తప్పేటుందమ్మా,” అన్నాడు దండాసి. “అందరి సేతుల్లోనూ తాడుంది. నా సేతులు కాలీగున్నాయని నాకే సిగ్గేసినాది.”

ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఇళ్ళకి బయల్దేరారు. హైమ వాళ్ళనే చూస్తూ నిలబడిపోయింది. తాను వీళ్ళ గురించి బాధపడుతోందో, గాజు సీసాలో సోలిపోయిన కణాల గురించి ఆలోచిస్తోందో ఆమెకే తెలియలేదు. ఏ తాడూ పట్టని ముసలాయనా, ఏదీ మొయ్యని ప్రొటీనూ ఆమె బుర్రలో కలగాపులగమైపోయాయి. ఇలాంటప్పుడు అడగవలసిన మాట కాదని తెలుస్తూనే ఉన్నా ఆగలేకపోయింది.

“మాస్టారూ, మరి నా అధ్యాయం ఉంచనా, తీసెయ్యనా?”

మాస్టారు వెళ్తున్న ఆడవాళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

“సముద్రంలో చేపలు లేకనా అమ్మాయ్, వాళ్ళు ఉత్త గంపలతో పోతున్నది?” అన్నారు.