ఎర్రయ్య మావ వండిన పులగం

దానయ్య మాస్టారు ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. భీమిలి ఒడ్డున ముప్పై ఏళ్లుగా తెరచాప పడవ నడపడం నేర్పుతున్న మనిషి. ఏదైనా అడిగితే చేతిలోకి ఓ తాడు తీసుకుని, ముడులు వేస్తూ విప్పుతూ, ఎప్పుడో జరిగిన సంగతి ఎత్తుకుంటారు. ఆ రోజు అడిగింది హైమ. "మాస్టారూ, మనకు కావలసినవాళ్లు పొరపాటు చేస్తుంటే చెప్పడం మంచిదా, ఎరగనట్టు సర్దుకుపోవడం మంచిదా?"

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో శిష్యులం మా అందరికీ తెలుసు. రెండు నెలలుగా మాస్టారి వేళ్లకు పట్టు తప్పింది. అల కొడితే మనిషి పడవలోంచి జారిపోకుండా నడుముకు ఒక తాడు కట్టుకుంటారు. దానికి ఆయన వేసే ముడి గట్టిగా లాగితే ఊడొచ్చేస్తోంది. ఆయనకది తెలియదని మా నమ్మకం. హైమ ఏదో వంకతో వెనక్కి చేరి దాన్ని మళ్లీ వేసేది. మేమంతా చూసీ చూడనట్టుండేవాళ్లం. నిజానికది పిరికితనం, మేం దానికి గౌరవమని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడాయన వచ్చే సోమవారం ఒంటరిగా కాకినాడ దాకా వెళ్తానంటున్నారు. అక్కడ వెనక చేరి సరిచేసేవాళ్లెవరూ ఉండరు.

మాస్టారు తాడు అందుకుని చెప్పిన సంగతి ఇది.

పాతికేళ్ల వయసులో ఆయన కెప్టెన్ దొరబాబు గారి యాట్ మీద విశాఖ నుంచి మారిషస్ బయల్దేరారు. పడవలో ముగ్గురే. మూడో మనిషి ఎర్రయ్య, మాస్టారి మేనమామ, తల్లి పోయాక ఆయన్ను పెంచినవాడు. టిఫిన్ హోటల్లో చెయ్యి తిరిగిన వంటవాడే గాని, సముద్రం మీదికి రావడం అదే మొదలు. "అంత దూరం పోయి ఏటి తింటావురా? నేనూ వత్తాను" అని మూట కట్టుకుని ఎక్కేశాడు.

అలాంటి ప్రయాణంలో మంచినీళ్లే ప్రాణం. స్నానం సముద్రపు నీళ్లతోనే, గిన్నెలు కడగడమూ వాటితోనే. పొద్దున్నే తలకొక సీసా నిండా మంచినీళ్లు, మర్నాటి దాకా అంతే. వంటకు మూడు వంతులు మంచినీళ్లు, ఒక వంతు సముద్రపు నీళ్లు పోసేవారు, కనుక విడిగా ఉప్పు అక్కర్లేదు. నీళ్ల సంగతిలో ఎర్రయ్య మావ ఏనాడూ పొరబడలేదు. కాని నలభై ఏళ్ల అలవాటు కదా, ఆ చెయ్యి తనంతట తనే ఉప్పుడబ్బాలోకి పోయి పులగంలో గుప్పెడు వేసేసేది. పడవ ఊగుడికి కడుపులో తిప్పి తను మాత్రం అటుకులూ బెల్లమే తినేవాడు, కాబట్టి తెలిసే దారి లేదు.

మొదటి ముద్దకే కెప్టెనూ దానయ్యా మొహాలు చూసుకున్నారు. ఓ చేత్తో కమ్మీ పట్టుకుని, వాంతులు ఆపుకుంటూ వండిన మనిషి ఎదురుగా నిలబడి "ఎలాగుంది?" అని అడుగుతున్నాడు.

"అమృతం మావా" అన్నాడు దానయ్య.

ఆనాటినుంచి రోజూ అమృతమే. చుక్కాని దగ్గర ఎవరి వంతు వచ్చినా నీళ్ల సీసా పక్కన ఉండాల్సిందే. చిత్రమేమిటంటే, ఎంత తాగినా ఆ సీసా సాయంత్రం దాకా అడుగంటేది కాదు. అనుమానం రాకపోలేదు గాని, దాహంలో ఆరా తీసే ఓపిక ఎవరికుంటుంది?

తొమ్మిదో రోజు పొద్దున్న వంట ముగించి, గిన్నె మీద మూత పెడుతూనే ఎర్రయ్య మావ కూలబడిపోయాడు. కెప్టెన్ అతని నాలుక చూసి, "ఇది కడుపులో తిప్పడం కాదు దానయ్యా. ఈ మనిషి నీళ్లు తాగడం లేదు" అన్నారు. అంతకుముందే నింపిన అతని సీసా ఖాళీగా దొర్లుతోంది. ఇద్దరూ వంతులేసుకుని చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చున్నారు. మావ పోతాడేమోనని దానయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎండ వాలే వేళకు ఎర్రయ్య కళ్లు తెరిచి ఆకలన్నాడు. ఆ సంబరంలో దానయ్య వెనకాముందూ చూడకుండా పొద్దుటి పులగమే ముద్ద చేసి నోట్లో పెట్టాడు. మరుక్షణం అది బయటికొచ్చింది.

"ఇన్ని దినాలూ ఈ ఉప్పుకుప్పేనేట్రా తిన్నారు?"

"సెప్తే బాధపడతావని మావా."

"మీరు దాహంతో అల్లాడిపోతంటే ఎండ దెబ్బనుకున్నాన్రా. నా నీళ్లట్టుకెళ్లి మీ సీసాల్లో పోసీసినాను. ఒక్కమాట సెప్తే ఏటయ్యేది? రెండ్రోజులు మూతి ముడుసుకునీవోణ్ణి!"

కొట్టేవాడే, చెయ్యి లేవలేదు. మావ బతికాడు. మారిషస్ చేరేదాకా వాళ్లకు అతనే వండిపెట్టాడు, ప్రతిసారీ ముందు తను రుచి చూసి మరీ.

మాస్టారు ఆగారు. కథ చెబుతూనే చేతిలోని తాడు నడుముకు చుట్టుకుని ముడి వేసేశారని మేమప్పుడు గమనించాం. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వుంది. తాడు కొస హైమ చేతిలో పెట్టారు.

"ఇదిగోనమ్మా, రుచి చూసి చెప్పు."