నల్లపూస ఎటు చూసింది

పందెం ముగిసి జనం వెళ్లిపోయాక ఆ మైదానంలో మిగిలేవి చిరిగిన కాగితాలు, వేరుశెనగ తొక్కలు, ఇద్దరు ముసలివాళ్లు. ఒకరు మైదానానికి నీళ్ల బండి లాగే ఎద్దు. రెండోవారు గెలుపు స్తంభం మీద కాపురం పెట్టిన కాకి. సాయంత్రం లాయం వెనక గడ్డివాము దగ్గర ఈ ఇద్దరూ చేరారంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి నల్లపూస దగ్గరికే వచ్చేది.

నల్లపూస అంటే మెడలో వేసుకునే పూస కాదు. ఒకప్పుడు ఈ మైదానంలో పరిగెత్తిన నల్లటి ఆడగుర్రం. అది పోయి చాలా ఏళ్లయింది. అయినా దాన్ని ఎన్నడూ చూడని గుర్రాలు కూడా ఆ పేరు వినబడితే చెవులు నిక్కించేవి.

"మలుపు దాకా అందరికంటే వెనకే ఉండేది," అంది కాకి. "ఆఖరి మలుపులో చెవులు వెనక్కి వాల్చేది. అంతే! అప్పటికి దాని ముందున్నవాళ్లకి ఇక దేవుడే దిక్కు."

"నువ్వు పైనించి చెవులు చూశావు," అంది ఎద్దు నెమ్మదిగా. "నేను కంచె పక్కన నిలబడి డెక్కల చప్పుడు వినేవాణ్ణి. మిగతా గుర్రాలు నేలను కొట్టినట్టుండేది. అది మాత్రం నేలకు చెప్పి వెళ్లినట్టుండేది."

"టీ కొట్టువాడు గుర్తున్నాడా? పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా వెనక్కి తిరిగేవాడు కాదు."

"ఆ వేళ టీ అడిగినవాడెవడు లే!"



"నాకన్నిటికంటే నచ్చేది దాని టెక్కు," అంది కాకి మళ్లీ. "గెలిచాక మెడలో దండ వేస్తుంటే దండ వైపు చూసేదా, జనం వైపు చూసేదా? తల అటు తిప్పేసుకునేది. మీ దండ మీరే ఉంచుకోండి అన్నట్టు! రాణి అంటే అదీ."

లాయం మొదటి గదిలో ఒక మేక నెమరువేస్తూ ఈ మాటలన్నీ వినేది. నుదుటి మీద తెల్లటి చుక్క ఉండడంతో దాన్ని చుక్కమ్మ అనేవారు. పరుగు గుర్రాలు చూడ్డానికి గంభీరంగా ఉంటాయి గానీ లోపల వట్టి పిరికి ప్రాణాలు. ఆకు కదిలితే అదురుతాయి. ఒంటరిగా ఉంటే మేత ముట్టవు. అందుకని అలాంటి గుర్రం పక్కన ఒక మేకను తోడుగా ఉంచడం లాయాల్లో అలవాటు. నల్లపూస బతికున్నన్నాళ్లూ దాని గదిలో తోడున్నది ఈ చుక్కమ్మే. అయితే పందెం వేళ చుక్కమ్మను లాయం గుమ్మానికి కట్టేసేవారు. అక్కణ్ణించి దాని ఎత్తుకు జనం కాళ్లే కనబడేవి. ఊరు ఊరంతా చూసిన ఆ పరుగును అది ఒక్కసారి కూడా చూడలేదు. ఎద్దూ కాకీ చెప్పుకుంటుంటే వాళ్ల కళ్లతో చూసుకునేది. ఆ సుఖం చెడగొట్టుకోవడం ఇష్టంలేక మధ్యలో నోరు పెట్టేది కాదు. ఇక ఎద్దునూ కాకినీ లాయం లోపలికి రానిచ్చేదెవరు? కాబట్టి చుక్కమ్మ సంగతి వాటికి తెలియదు.

ఇప్పుడు చుక్కమ్మ తోడుంటున్నది తొలకరి అనే వయసు గుర్రానికి. కిందటి పందేల్లో తొలకరి అందరికంటే వెనక వచ్చింది. రేపు కూడా అలాగే వస్తే జట్కా బండికి అమ్మేస్తానని యజమాని దాని ముందే అనేశాడు. అప్పటినుంచి దానికి ఉలవలు గొంతు దిగడం లేదు. చుక్కమ్మ పక్కన కూచుని, తను ఒక గింజ నమిలి చూపించి, "తినవే తల్లీ" అంటే ఏవో నాలుగు కతికేది.

ఇక కథలోకి నక్క రావాలి. కంచె అవతల తుప్పల్లో ఉండే ఆ నక్కకు చుక్కమ్మ మీద ఎప్పటినుంచో కన్ను. గుర్రం డెక్కల పక్కనుంచి మేకను ఎత్తుకుపోవడం దాని తాతల తరం కూడా కాదు. మేకే తనంతట బయటికి వస్తే? ఆ సాయంత్రం గుర్రాలు చూసుకునే సాయిసు దాణా తేవడానికి వెళ్లగానే నక్క కంచె సందులోంచి దూరింది.

"ఏం తొలకరీ, మొహం వేలాడేశావు?"

"రేపు పందెం, నక్క మామా. నల్లపూసలా పరిగెత్తాలని ఉంది. తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి."

"వణకవూ మరి? ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. పక్కన మేకను పెట్టుకుంటే మేక గుణమే వస్తుంది. నల్లపూస పక్కన మేక ఉండేదా? నా మాటెందుకు, కళ్లారా చూసిన పెద్దలున్నారు, అడుగు."

తొలకరి తల బయటికి పెట్టింది. "తాతా, కాకి మామా, నల్లపూస పక్కన మీరెప్పుడైనా మేకను చూశారా?"

కాకి పకపకా నవ్వింది. "నల్లపూసేమిటి, మేకేమిటి? నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం!" అని, నక్క అక్కడే ఉండడం చూసి నాలుక కరుచుకుంది. "ఏమనుకోకు, సామెత."

"అబ్బే, సమయానికి వాడావు," అంది నక్క.

ఎద్దు బాగా ఆలోచించింది. "లేదమ్మా. ఒక్క పందెం వదలకుండా చూశాను. మేకను చూడలేదు." ఎద్దు అబద్ధమాడదు. అప్పుడూ ఆడలేదు.

"నేను దాని గదిలోనే ఉండేదాన్ని," అంది చుక్కమ్మ మెల్లగా. "పందెం ముందు అదీ వణికేది. నా వీపు మీద మూతి ఆనిస్తే గానీ దానికి నిద్రపట్టేది కాదు."

"నల్లపూస వణికిందా!" కాకికి ఒళ్లు మండింది. "మేకవు మేకలా ఉండు. ఎంతమాట పడితే అంతమాటా?"

"అత్తా, దాని పరుగు ఒక్కటైనా చూశావా?" అని అడిగింది తొలకరి.

"లేదే."

"చూడనమ్మ చెప్పొచ్చింది, చూసినవాళ్లు వినాలట!" అంది నక్క.

తొలకరి మొహం తిప్పుకుంది. "నువ్వు బయటికి పో అత్తా. నేను ఒంటరిగా ఉండడం నేర్చుకోవాలి."

చుక్కమ్మకు ఏడుపొచ్చింది. పొమ్మన్నందుకు కాదు. నల్లపూసతో తను గడిపిన కాలమే లేదన్నందుకు. అయితే అంత ఏడుపులోనూ నక్క మూతి నాక్కోవడం దాని కంటబడింది. దూరంగా రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు బాజాలు కూడా చెవినబడ్డాయి.

"పోతానులే," అంది. "కానీ సాయిసు వచ్చేదాకా ఎవరో ఒకరుండాలి. నక్క బావా, అన్నీ తెలిసినవాడివి, అందాకా నువ్వు తోడుండు. నేను ఎద్దు తాత పక్కన కూచుంటాను."

నక్క లెక్క వేసుకుంది. మేక జాగా తనదైతే మేకకు జాగా ఉండదు. జాగా లేని మేక ఇవాళ కాకపోతే రేపు తన నోటికే వస్తుంది. అయినా మేక చేసే పనేముంది, పడుకుని నమలడమేగా?

"దానికేం భాగ్యం!" అంటూ లోపలికి దూరి, తొలకరి వెనకాల మెత్తటి గడ్డి చూసుకుని కాళ్లు బారజాపింది.

ఊరేగింపు లాయం గోడ దగ్గరికి రాగానే ఎవరో టపాకాయల సరం అంటించారు. తొలకరి ఉన్నపళాన ఎగిరిపడింది. నక్క హడలి లేచి, ఎటు పోవాలో తెలియక వెనక కాళ్ల సందున దూరబోయింది. ఆ తరవాతిది అన్నీ చూసే కాకి కూడా సరిగ్గా చూడలేకపోయింది. ధన్మని చప్పుడైంది. నక్క కంచె అవతల తుప్పల్లో ఉంది.

చుక్కమ్మ అప్పటికే గదిలోకి వచ్చేసింది. పక్కగా వచ్చి ముందుకాళ్ల దగ్గర నిలబడి నెమరువేయడం మొదలుపెట్టింది. బయట టపాకాయలు పేలుతూనే ఉన్నాయి. తొలకరి వణుకు మెల్లమెల్లగా తగ్గింది. తల వంచి మూతి చుక్కమ్మ వీపు మీద ఆనించింది.

"అత్తా, నల్లపూస నిజంగా వణికేదా?"

"నీకంటే ఎక్కువ."

"మరెలా పరిగెత్తేది?"

"ఆ వణుకు నా దగ్గర పెట్టి వెళ్లేది. తిరిగొచ్చాక చూద్దాంలే అని."

ఆ పూట తొలకరి బుట్ట అడుగు కనిపించేదాకా ఉలవలు తింది. గోడ బయట ఎద్దు నమలడం మానేసి చాలాసేపు అలా నిలబడిపోయింది. కాకి మాత్రం, "టపాకాయలకు జడిసే గుర్రానికి మేక కావాలేమో, నల్లపూసకెందుకు?" అంటూ ఎగిరిపోయింది.

మర్నాడు పందెంలో తొలకరి మలుపు దాకా వెనకే ఉంది. అక్కణ్ణించి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి రెండోదిగా నిలిచింది. జట్కా బండి ఊసు ఇక లేదు. జనం హోరుమన్నారు. దండ మొదటి గుర్రం మెడలో పడుతోంది. తొలకరి దండ వైపు చూడలేదు, జనం వైపు చూడలేదు. తల అటు తిప్పింది.

కాకికి గుండె ఝల్లుమంది. అచ్చం అదే తిప్పడం! "చూశావా, నల్లపూస టెక్కు! మళ్లీ చూస్తాననుకోలేదు!" అని అరిచింది.

ఎద్దు తొలకరిని చూడడం లేదు. తొలకరి చూస్తున్న వైపు చూస్తోంది. "టెక్కు కాదోయ్," అంది. "అటు చూడు."

ఇన్నేళ్లలో కాకి ఎప్పుడూ అటు చూడలేదు. ఇటు నల్లపూసను పెట్టుకుని అటు ఎవరు చూస్తారు? అటు లాయం గుమ్మం ఉంది. గుమ్మానికి కట్టేసి చుక్కమ్మ ఉంది. జనం హోరు వినబడితే పరుగు అయిపోయిందని దానికి తెలుసు. అందుకని మెడ చాచి తనూ అరుస్తోంది.

"ఆ రోజుల్లోనూ ఈ అరుపు వినేవాణ్ణి," అంది ఎద్దు. "ఎక్కడో ఏదో మేకలే అనుకున్నాను."

ఆ సాయంత్రం కాకి గడ్డివాము మీద కాకుండా లాయం గుమ్మం మీద వాలింది. అవసరం లేకపోయినా ఈకలన్నీ సర్దుకుంది. "చుక్కమ్మా, నేను చూసింది సగమేనని ఇవాళ తెలిసింది. మిగతా సగం నువ్వు చెప్పు."

"ముందు నీది కానీ," అంది చుక్కమ్మ. "ఆఖరి మలుపులో చెవులు వాల్చేదంటావే, అక్కణ్ణించి."

నక్క తోక తొక్కినవాళ్లకు అదృష్టం పడుతుందంటారు. దవడ తన్నినవాళ్లకు అంతకంటే మంచి అదృష్టమే పట్టింది. వంకర దవడతో ఆ నక్క ఇప్పుడు తుప్పల్లో, "నల్లపూస గదిలో నేనూ ఒక పూట తోడున్నాను," అని చెప్పుకుంటోందట. విన్న నక్కలు, అదెటు చూసేదో చెప్పమంటే మాత్రం మాట మారుస్తోందట.

గెలిచినవాళ్లను చూసే కళ్లు వేలుంటాయి. గెలిచినవాళ్లు ఎవరి కోసం చూశారో చూసే కళ్లే తక్కువ.