ఆగడం తెలిసిన బోర్డు

పొగ చూసినప్పటి నుంచి ఎస్తేరు ఏ కంప్యూటర్‌నీ దాని మామూలు వేగం దాటనివ్వలేదు.

ఆ పొగ ఆమె పిన్ని ఇంట్లో లేచింది. పిన్ని కొడుకు, తనకి తమ్ముడు, ఆటలాడుకోవడానికి కంప్యూటర్ కావాలంటే, దొరికినవాటిలో చవకైన మదర్‌బోర్డు తెచ్చి తనే బిగించింది. ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగానికి మించి పరుగెత్తించింది. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. కాస్త వోల్టేజీ ఎక్కువిస్తే ఇంకాస్త పరుగెత్తింది. ఎస్తేరుకి ముచ్చటేసి ఇంకొంచెం ఇచ్చింది. కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే చిప్పులు కాలిపోయాయి. పక్కనున్న కర్టెన్ అంటుకుంది. ఆ గదిలోనే పిన్ని మనవరాలు, ఏడాది పిల్ల, నిద్రపోతోంది.

ఎవరికీ ఏమీ కాలేదు. తమ్ముడు మెయిన్ స్విచ్చి ఆపాడు. పిన్ని పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. తర్వాత ఎస్తేరును ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకి చాలాసార్లు అనిపించింది.

గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీది గదిలో నాగూల్ మీరా మాస్టారు కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నేర్పేవారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాక ఆ గది తీసుకున్నారు. ఎక్కువ మాట్లాడరు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఆ మౌనం భరించలేక మానేసేవారు. ఎస్తేరు మానలేదు.

పిన్ని ఇంట్లో జరిగింది మాస్టారికి తెలుసు. ఆయన దాని గురించి అడగలేదు. వేగం పెంచాల్సిన పని వస్తే ఎస్తేరు ఏదో వంకతో కిందికి టీకి వెళ్లేది. ఆయన ఆ పని తనే చేసుకునేవారు. ఆమె వచ్చేసరికి మూత బిగించి ఉండేది.

అలా ఉండగా ఒక ఉదయం వినీల అనే టీచరు బడి కంప్యూటర్ మోయించుకుని మెట్లెక్కి వచ్చింది. ఊరి చివర వినికిడి లేని పిల్లల బడిలో ఆమె లెక్కలు చెబుతుంది. పదో తరగతి పిల్లల కోసం సైగల భాషలో పాఠాలు వీడియో తీస్తోంది. ఆ కంప్యూటర్‌లో బోర్డు పోయింది. ప్రాసెసర్ మాత్రం మంచిది, ఎవరో దాత ఇచ్చింది.

"బోర్డు ఒకటి పెట్టిస్తే చాలండీ. కానీ ఒక ఇబ్బంది ఉంది," అంది వినీల. "ఒక్కో పాఠం తయారవడానికి పొద్దుటి నుంచి పెట్టినా సాయంత్రానికి అయ్యేది కాదు. బడి వదిలాక కూడా ఆన్‌లోనే వదిలేసి వెళ్లాల్సి వచ్చేది. కొంచెం వేగం పెంచే వీలుందని విన్నాను. పరీక్షలు దగ్గరపడ్డాయి."

"కంప్యూటర్ ఏ గదిలో ఉంటుంది?" అని అడిగింది ఎస్తేరు.

"మాకు వేరే గది లేదు. హాస్టల్ పిల్లలు పడుకునే హాల్లోనే ఓ మూల పెట్టాం."

చిప్పు కాలేముందు చిన్న చప్పుడు వస్తుంది. పిన్ని ఇంట్లో తమ్ముడు ఆ చప్పుడు వినే పరుగెత్తాడు. ఈ పిల్లలకి అది వినపడదు.

"ఆలోచించి చెబుతాం. కంప్యూటర్ ఇక్కడే ఉంచండి," అని ఎస్తేరు వినీలను పంపేసింది.

మాస్టారు ఏదో బోర్డుకి టంకం వేస్తున్నారు, తలెత్తలేదు. ఎస్తేరు వెనక మూల నుంచి పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. అక్కడ ఉన్నవాటిలో అన్నిటికంటే ఖరీదైన బోర్డు అది. కరెంటు చిప్పుల మీద అరచేతి మందాన ఇనప కవచంలాంటి హీట్‌సింకు, వేడి లాగేసే దిమ్మ, ఉంది.

"ఓవర్‌క్లాక్ చేస్తే దీని మీదే చేయాలి మాస్టారూ."

"వాళ్లు కొనగలరా?"

"కొనలేరు."

"మరి?"

"అందుకే కుదరదని చెప్పేద్దాం."

మాస్టారు టంకం కడ్డీ పక్కన పెట్టారు. ఆ పెట్టె మూత మూసి ఆమెకే తిరిగి ఇచ్చారు.

"కుదరదని చెబితే ఆ అమ్మాయి ఏం చేస్తుంది?"

జవాబు ఎస్తేరుకి తెలుసు. వినీల ఇదివరకట్లాగే రాత్రంతా కంప్యూటర్ ఆన్ చేసి వదిలేస్తుంది. పిల్లలు దాని పక్కనే పడుకుంటారు. లేదా తక్కువకి చేసిపెట్టేవాడి దగ్గరికి వెళ్తుంది. వాడు వోల్టేజీ ఎంత పెంచుతాడో ఎవరికి తెలుసు.

మాస్టారు లేచి అరలోంచి రెండు బోర్డులు దించారు. రెండూ వినీల కొనగలిగినవే. ఒకటి మరీ చవక, కరెంటు చిప్పులు ఏ కప్పూ లేకుండా బయటికే కనపడుతున్నాయి. రెండోది దానికంటే కొంచెం ఎక్కువ. ఆర్భాటం లేదు, లైట్లు లేవు. చిప్పుల మీద రెండు అల్యూమినియం దిమ్మలు మాత్రం ఉన్నాయి.

"వీటిలో ఏది తీసుకోవాలో నువ్వే చెప్పు," అన్నారు.

"ఎలా చెప్పను?"

"వేగం పెంచుతూ పోయి పడగొట్టి చూడు."

ఎస్తేరు కదల్లేదు. మాస్టారే చవక బోర్డును బల్ల మీద పరిచి, దానికి సరిపడే ప్రాసెసర్, కూలర్ బిగించారు. గాలి బోర్డు మీదికి రాకుండా టేబుల్ ఫ్యాన్ గోడ వైపు తిప్పారు. ప్రాసెసర్ చేత ఆపకుండా లెక్కలు చేయించే ప్రోగ్రామ్ ఒకటి నడిపించారు. తర్వాత కుర్చీ ఆమెకి వదిలి తను స్టూలు మీద కూర్చున్నారు.

"ఒక్కో మెట్టూ పెంచు."

ఆమె పెంచింది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి వాసన చూసింది. బోర్డు ఎక్కడా తడబడలేదు. ఇంకో మెట్టు. లెక్కలు అదే జోరుతో సాగుతున్నాయి. బాగానే ఉందే అనుకుంది. ఇంకో మెట్టు పెంచాక చాలాసేపు చూశారు. తెర మీద అంకెలు అలా పరుగెడుతూనే ఉన్నాయి.

అప్పుడు వాసన వచ్చింది. వేడెక్కిన లక్కలాంటి వాసన. ఆ వాసన ఎస్తేరుకి తెలుసు. మాస్టారి వైపు చూసింది. ఆయన స్టూలు మీంచి లేవలేదు.

"మాస్టారూ."

"స్విచ్చి నీ దగ్గరే ఉంది."

ఆమె ఒక్క అంగలో స్విచ్చి ఆపేసింది. గోడకి ఆనుకుని నిలబడింది. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు వంగి బోర్డును చూశారు. చిప్పుల పక్కన ఆకుపచ్చ రంగు గోధుమరంగుకి తిరుగుతోంది.

"ఎందుకాపావు?"

"కాలిపోతోంది కదా."

"ఆ మాట బోర్డు నీకు చెప్పిందా?"

ఎస్తేరు తెర వైపు చూసింది. ఆపిన క్షణం దాకా అక్కడ అంతా సవ్యంగానే ఉంది. లేదన్నట్టు తలూపింది.

మాస్టారు దాన్ని ఊడదీసి పక్కన పడేశారు. రెండో బోర్డు బిగించారు. ఈసారి ఎస్తేరు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, ఒక చెయ్యి స్విచ్చి మీద ఉంచి, రెండో చేత్తో మెట్లు పెంచింది.

నాలుగైదు మెట్లెక్కాక తెర బిగుసుకుపోయింది. మరుక్షణం నల్లబడింది. కూలర్ తిరగడం ఆగిపోయింది. గదిలో ఏ చప్పుడూ లేదు. ఎస్తేరు స్విచ్చి నొక్కబోయింది.

"ఉండు," అన్నారు మాస్టారు.

"పోయింది మాస్టారూ."

"ఉండమన్నాను."

కొద్దిసేపటికి కూలర్ దానంతటదే కదిలింది. తెర వెలిగింది. పెంచిన వేగం తట్టుకోలేకపోయానని, మొదటి వేగానికే తిరిగి వెళ్తున్నానని బోర్డు తెర మీద రాసింది. ఎస్తేరు ఆ రెండు వాక్యాలూ మళ్లీ మళ్లీ చదివింది. దిమ్మల దగ్గరికి ముక్కు పెట్టి చూసింది. వేడి ఉంది. వాసన లేదు.

"మళ్లీ," అన్నారాయన.

మళ్లీ పెంచింది, అది మళ్లీ ఆగి మళ్లీ లేచింది. మూడోసారీ దాదాపు అక్కడే ఆగింది. అంచు ఎక్కడుందో ఎస్తేరుకి ఇప్పుడు తెలిసింది. అంచుకి రెండు మెట్లు కింద పెట్టి, లెక్కలు నడవనిచ్చింది. అవి నడుస్తూనే ఉన్నాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది.

అప్పుడు మాస్టారు భుజం మీది తువ్వాలు తీశారు. రెండు మడతలు పెట్టారు. గాలి ఆడకుండా ఆ అల్యూమినియం దిమ్మల మీద కప్పారు.

ఎస్తేరు ఉలిక్కిపడి లేచింది. తువ్వాలు కాదు, కర్టెన్ కనపడింది ఆమెకి. ఆమె చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లింది.

"చెయ్యి తీసెయ్యమ్మా."

"అంటుకుంటుంది మాస్టారూ."

"నేను ఇక్కడే ఉన్నాను. చూద్దాం."

ఆయన చేతులు కట్టుకుని బోర్డు పక్కనే నిలబడ్డారు. ఎస్తేరుకి బయటికి వెళ్లిపోవాలనిపించింది. మాస్టారిని ఆ బోర్డు దగ్గర వదిలి ఎలా వెళ్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. చూపు మాత్రం తువ్వాలు మీంచి మరల్చలేదు.

తెర మీద వేడి అంకె పెరుగుతూ పోయింది. ఒక చోటికి వచ్చాక లెక్కల జోరు తగ్గింది. ఇంకా తగ్గింది. ప్రాసెసర్ పరుగు మాని నడకలోకి వచ్చేసింది. అయినా వేడి తగ్గలేదు, తువ్వాలు అలాగే ఉంది కనుక. చివరికి బోర్డు దానంతటదే పూర్తిగా ఆగిపోయింది. ఈసారి తిరిగి లేవలేదు.

మాస్టారు తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చారు. ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. ఎస్తేరు దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా మచ్చ లేదు. కాసేపటికి బోర్డు చల్లారాక ఆమే స్విచ్చి వేసింది. అది లేచింది.

"ఏది?" అన్నారు మాస్టారు.

ఎస్తేరు రెండో బోర్డు మీద చెయ్యి పెట్టింది.

మర్నాడు మాస్టారూ, ఎస్తేరూ ఆ బోర్డు బిగించిన కంప్యూటర్ తీసుకుని ఆటోలో బడికి వెళ్లారు. హాలు పైన రేకులు. ఉదయానికే లోపల ఉక్కపోస్తోంది. పిల్లల ట్రంకుపెట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఎస్తేరు ముందుగా అక్కడున్న కర్టెన్ విప్పించింది. పరుపులు ఆ మూల నుంచి జరిపించింది. మెయిన్ స్విచ్చి పిల్లల చేతికందేంత ఎత్తులోనే ఉందని చూసుకుంది. పెద్ద పిల్లల్ని పిలిచి అది ఆపడం చూపించమని వినీలను అడిగింది. వినీల సైగలు చేసింది. ఒక్కొక్కరూ వచ్చి స్విచ్చి ఆపి, మళ్లీ వేసి వెళ్లారు.

తర్వాత ఒక పాఠం నడిపించి చూసింది. పిల్లలు చుట్టూ చేరి క్యాబినెట్ మీద అరచేతులు ఆనించారు. లోపలి ఫ్యాన్ల కదలిక వాళ్ల చేతులకి తెలుస్తున్నట్టుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఎస్తేరు నవ్వలేదు. వేడి అంకెను చూస్తోంది. మాస్టారి గదిలో కంటే ఇక్కడ ఎక్కువగా ఉంది. రేకుల వైపు చూసింది. మధ్యాహ్నానికి ఇంకెంత వేడెక్కుతుందో ఊహించుకుంది. యంత్రాన్ని ఆపి, మళ్లీ వేసి, వేగం ఒక మెట్టు దించింది.

"తగ్గించారా?" అంది వినీల. గొంతులో దిగులు.

"తగ్గించానండీ. పొద్దున్నే మొదలుపెడితే బడి వదిలేలోగా పాఠం అయిపోతుంది. అయ్యాక ఆపేసి వెళ్లండి. ఎప్పుడైనా మధ్యలో దానంతటదే ఆగితే కంగారు పడొద్దు. ప్లగ్గు తీసేసి నాకు ఫోన్ చేయండి. మళ్లీ మళ్లీ వేసి చూడొద్దు."

వినీల ఆ మాటలు పిల్లలకి సైగలతో చెప్పింది. పిల్లలు తలలూపారు.

తిరుగు ఆటోలో మాస్టారు రోడ్డు చూస్తూ కూర్చున్నారు. రైల్వే గేటు దగ్గర ఆటో ఆగాక ఎస్తేరు అడిగింది.

"మాస్టారూ, అక్కడ నేను తెలిసి తగ్గించానా, భయపడి తగ్గించానా?"

"ఎంత తగ్గించావు?"

"ఒక్క మెట్టు."

గూడ్సు బండి వెళ్లిపోయింది. గేటు లేచింది. ఆటో కదిలాక మాస్టారు అన్నారు.

"భయం ఒక్క మెట్టుతో ఆగదమ్మా."