బురదలో ఎగిరిన గవర్రాజు

ముందే చెప్తున్నా, మంచినీళ్ళు తాగుతూ ఈ కథ వినకండి. పొలమారితే నా పూచీ లేదు.

కొల్లేటి నడుమ జమ్ములంక అని ఓ ఊరు. ఆ ఊళ్ళో నాంచారయ్య ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకే ఇంట్లోనూ లేదు. ఎవరన్నారంటారా? నాంచారయ్యే అన్నాడు. ఆయన పెళ్ళాం పేరంటాలు అవునంది. ఆమె తమ్ముడు గవర్రాజు, "మా బావ అన్నాడంటే ఇంక తిరుగులేదు" అన్నాడు. ముగ్గురు సాక్షులున్నాక అడిగేదేముంది! వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని, తను తడుస్తూ ఇంటికొచ్చే బాపతు మనుషులు.

వాళ్ళ లెక్కలో వాళ్ళని మించిన తెలివైంది ఒక్కతే. నాంచారయ్య అక్క కూతురు హైమ. తండ్రి పోతే నాంచారయ్యే పెంచి పెద్ద చేశాడు. ఇప్పుడు హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో పని. "మా ఇంటి తెలివంతా మూటగట్టుకుని పోయింది" అని చెప్పుకుని మురిసిపోతుంటాడు.

ఓ రోజు ఆ హైమ ఫోన్ చేసింది.

"మామయ్యా, మా ఆటలోకి చిత్తడి నేలల్లో బతికే పక్షిమనుషుల జాతి ఒకటి కావాలి. ఆ పని నా నెత్తిన పెట్టారు. ఇక్కడ నాకు కొంగ కూడా కనపడదు. మీరైతే పొద్దున లేచి గూడబాతుల మొహాలే చూస్తారు కదా! ఆ జాతి కుదిరితే నా ఉద్యోగం పర్మినెంటు. కుదరకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే."

నాంచారయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ ఉద్యోగం పోనిస్తానా తల్లీ! ఏం చెయ్యాలో చెప్పు."

హైమ విడమర్చి చెప్పింది. ఇది నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒక్కొక్కళ్ళు ఒక్కో జాతి వేషం. ప్రతి జాతికీ ఓ బలం, ఓ లోటు ఉండాలి. ఏ పని చెయ్యాలన్నా ఇరవై మొహాల పాచిక వెయ్యాలి. పది దాటితే ఆ పని అయినట్టు, దాటకపోతే కానట్టు. "పాచిక ఏం చెప్తే అదే నిజం మామయ్యా. కంటికి ఏం కనపడినా పట్టించుకోకూడదు. మీరే పక్షిమనుషులై నాలుగు రోజులు ఆడి చూడండి. ఆదివారం మా సారుని తీసుకొస్తా. చూసి ఆయనే తేలుస్తాడు."

పాచిక కొరియర్లో వచ్చింది. పేరంటాలు దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ముగ్గురూ అరుగు మీద కూర్చుని జాతిని తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

"బలం ఏం పెడదాం?" అన్నాడు నాంచారయ్య.

"ఎగరడం" అన్నాడు గవర్రాజు.

"ఎగిరితే ఆకలేస్తుంది. గూడబాతుకున్నట్టు మెడకో సంచి ఉండాలి" అంది పేరంటాలు.

"అవన్నీ సరే గానీ, ఒంటికాలి మీద నిలబడాలి. అదీ అసలు బలం" అన్నాడు నాంచారయ్య.

"మరి లోటో?" అన్నాడు గవర్రాజు.

నాంచారయ్య బుర్ర గోక్కున్నాడు. "అది కూడా ఒంటికాలే పెడదాం. బలమూ లోటూ ఒకేచోట ఉంటే వెతుక్కునే పనుండదు."

ఇంత తెలివి ఎక్కడిదిరా అని ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మురిసిపోయారు. అంతే, చేతులకి చేటలు కట్టుకున్నారు, అవి రెక్కలు. మెడలో కూరగాయల సంచులు వేసుకున్నారు. ఆట మొదలు.

పొద్దున్నే నాంచారయ్య కాఫీ తాగి పాచిక వేశాడు. ఏడు పడింది.

"తాగలేదే!" అన్నాడు.

"గ్లాసు ఖాళీ అయిందిగా?" అంది పేరంటాలు.

"కంటికి కనపడింది పట్టించుకోకూడదని హైమ అన్నది కదే! ఇంకోటి పొయ్యి."

అలా పోసింది పోసినట్టే తాగుతున్నాడు, పాచిక పది దాటదు. పాలగిన్నె అడుగంటింది గానీ ఆయన మాత్రం ఇంకా కాఫీ తాగలేదు.

పేరంటాలు అన్నం వండింది. మెతుకు పట్టి చూస్తే మల్లెమొగ్గలా ఉంది. పాచిక వేస్తే నాలుగు. "ఉడకలేదు" అని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. మళ్ళీ వేసింది, ఎనిమిది. మళ్ళీ పెట్టింది. గిన్నెలోంచి నల్లటి పొగ లేస్తుండగా పదహారు పడింది. "హమ్మయ్య, ఉడికింది!" అని ఆ బొగ్గుల్ని గరిటెతో కొట్టి వడ్డించింది. పక్కన కొరమీను ముక్కలు కడిగి పెట్టి, పొయ్యి వెలిగించబోయే ముందు పాచిక వేస్తే పద్దెనిమిది. ఇంకేముంది, వండకుండానే ఉడికిపోయింది! పచ్చి చేపే నంజుకుని బొగ్గులు తిన్నారు.

"ఉప్పు కాస్త తక్కువైందక్కా" అన్నాడు గవర్రాజు.

అంతలో పక్కింటి సత్తెయ్య వచ్చాడు. "నాంచారయ్యా, అవతలి ఒడ్డుకి పోవాలి, ఓసారి దోనె ఇస్తావా?"

వీడు వచ్చినట్టా రానట్టా అని నాంచారయ్యకి అనుమానం. పాచిక వేశాడు. మూడు.

"సత్తెయ్య రాలేదే" అన్నాడు పెళ్ళాంతో.

"అయ్యో, వచ్చుంటే బావుండేది. దోనె ఖాళీగానే ఉంది, ఇద్దుము పాపం" అంది పేరంటాలు, సత్తెయ్య మొహంలోకే చూస్తూ.

సత్తెయ్య తన ఒళ్ళు తనే తడుముకుని, భయమేసి, ఒక్క పరుగున ఇంటికి పోయాడు. ఆ పూటంతా "నేనున్నానా?" అని పెళ్ళాన్ని అడుగుతూనే ఉన్నాడట.

ఆదివారం వచ్చింది. హైమ, వాళ్ళ సారు వచ్చే వేళయింది. ఎగరడం ఒక్కటే ఇంకా పరీక్ష చెయ్యలేదు. పక్షుల్ని చూసేందుకు గట్టు మీద కట్టిన మంచె ఎక్కారు ముగ్గురూ. గవర్రాజు చేటలు రెండూ విప్పార్చి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాంచారయ్య పాచిక వేశాడు. దొర్లి దొర్లి ఇరవై పడింది!

"ఎగురుతావురా బావమరిదీ! నువ్వొద్దన్నా ఎగురుతావు!"

గవర్రాజు ఎగిరి దూకాడు. దబ్బున మంచె కింద బురదలో నడుము దాకా దిగబడ్డాడు.

పైనించి నాంచారయ్య తొంగిచూశాడు. కింద బావమరిది కనపడుతున్నాడు. కానీ కంటిని నమ్మకూడదు కదా! చప్పున తల పైకెత్తి ఆకాశంలోకి చూసి కేకేశాడు.

"గవర్రాజూ! ఎగురుతున్నావా?"

"ఇరవై పడిందిగా బావా! ఎగురుతున్నట్టే!"

"పైన ఎలా ఉంది?"

"చల్లగా ఉంది. తడి తడిగా కూడా ఉంది."

"మబ్బులురా అవి! మరేమన్నా కనపడుతున్నాయా?"

"ఓ కప్ప పోతోంది బావా."

"అబ్బో, కప్పలు కూడా అంత ఎత్తున ఎగురుతాయన్నమాట!"

పేరంటాలు ముచ్చటపడి, "ఇంక చాల్లే, దిగి అన్నం తిందువు గాని రా తమ్ముడూ" అంది. దిగాలంటే మళ్ళీ పాచిక. వేస్తే రెండు. దిగలేదు. మళ్ళీ వేశారు, ఆరు. మళ్ళీ, తొమ్మిది. ఇక్కడ పాచిక పడే కొద్దీ అక్కడ గవర్రాజు లోపలికి పోతున్నాడు. పొట్ట దాకా, గుండెల దాకా, చంకల దాకా వచ్చేసింది బురద.

"బావోయ్! ఇంకా పైకి పోతున్నా!"

"అంత పైకి పోకురా! సూర్యుడు కాల్చేస్తాడు!" అని నాంచారయ్య భోరుమన్నాడు. పేరంటాలు గుండెలు బాదుకుంటూ ఆకాశం వంక చూసి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద కారాగింది. హైమ దిగింది. ఆమె సారు ఫణీంద్ర దిగాడు. బురదలో తలకాయ, దాని పక్కన రెండు చేటలు చూసి అదిరిపడ్డాడు.

"అయ్యయ్యో, మనిషి మునిగిపోతున్నాడయ్యా!"

"మునగడం కాదు సార్, ఎగిరిపోతున్నాడు! కాస్త ఆపండి!" అని నాంచారయ్య మంచె దిగొచ్చి సారు కాళ్ళ మీద పడ్డాడు.

కారు డ్రైవరు తాడు తెస్తే పేరంటాలూ దిగొచ్చి పట్టనివ్వదే! పాచిక ఒప్పుకోకుండా ఎలా దింపుతారని అడ్డం. అప్పుడు హైమ, "మామయ్యా, అదిటివ్వు" అని పాచిక అందుకుని గట్టు మీద వేసింది. పదిహేడు!

"దిగాడు!" అని అరిచింది.

అంతే, అందరూ తాడు పట్టుకుని లాగారు. "కిందికి లాగండి, కిందికి!" అని నాంచారయ్య అరుస్తుంటే గవర్రాజు బురదలోంచి పైకి వచ్చి, గట్టు మీద పడి, "ఆకాశంలో జలగలున్నాయి బావా" అన్నాడు.

జరిగిందంతా విని ఫణీంద్ర సారు నవ్వాడు చూడండి, పొట్ట పట్టుకుని గట్టు మీదే కూలబడ్డాడు. "ఎగురుతున్నాననుకుని మునిగిపోయే పక్షిజాతి! ఇలాంటిది ఏ ఆటలోనూ లేదయ్యా! హైమా, ఈ జాతి ఖాయం, నీ ఉద్యోగమూ ఖాయం. కారెక్కు, రేపటి నుంచే పని."

నాంచారయ్య కళ్ళు తుడుచుకున్నాడు. చూశారా, ఒక్క పాచికతో ఆకాశం నుంచి మనిషిని దింపింది! ఇదీ మా ఇంటి తెలివి, అనుకున్నాడు.

హైమ కారెక్కి కూర్చుంది. తలుపు పడింది. అద్దం దించి మొహం బయటపెట్టింది.

"మామయ్యా, నేను కారెక్కానో లేదో ఓసారి వేసి చూడు."

నాంచారయ్య కారు ముందు మూత మీద పాచిక వేశాడు. నాలుగు. పద్నాలుగు అనేద్దామా అనిపించింది ఓ క్షణం. కానీ పిల్లకి అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"ఎక్కలేదమ్మా" అన్నాడు.

"సార్, నేను ఎక్కలేదు! నన్ను వదిలేసి పోతున్నారు!" అని వెనక సీట్లో కూర్చుని హైమ గోల. సారు అదేదో వేళాకోళం అనుకుని పడీపడీ నవ్వుతూ కారు పోనిమ్మన్నాడు. పిల్ల ఏడుపు మలుపు దాకా వినపడుతూనే ఉంది.

కారు వెళ్ళిపోయాక నాంచారయ్య ఖాళీ గట్టు వంక చూసి, "ఊరుకో తల్లీ, ఉద్యోగం పోతే పోయింది, మేం లేమా?" అని గాలికి తలనిమిరి ఇంటికి నడిపించాడు. పేరంటాలు నాలుగు కంచాలు వేసి, నాలుగో దాంట్లో నెయ్యి కాస్త ఎక్కువ వేసింది.

అప్పటి నుంచీ హైమ రోజూ ఆఫీసుకి పోతూనే ఉంది, నెలనెలా జీతం తీసుకుంటూనే ఉంది. హైమ వచ్చిందా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే మాత్రం, "ఎక్కడండీ, జమ్ములంకలోనే ఉండిపోయింది పాపం" అని కళ్ళొత్తుకుంటుంది. మధ్యాహ్నం కాగానే ఫోన్ చేస్తుంది.

"మామయ్యా, ఆకలేస్తోంది. నేను అన్నం తిన్నానా?"

నాంచారయ్య పాచిక వేస్తాడు. "పన్నెండు పడిందమ్మా. తిన్నావు, పెరుగన్నం కూడా కలుపుకున్నావు."

"హమ్మయ్య" అని ఫోన్ పెట్టేసి, ఎదురుగా ఉన్న క్యారేజీకి మూత పెట్టేస్తుంది హైమ.