ఇందుమతి టీచరు పచ్చబొట్టు

యాభై మూడేళ్ళ వయసులో ఇందుమతి టీచరుకు పచ్చబొట్టు వేయించుకోవాలని బుద్ధి పుట్టింది. ఏ బొమ్మ వేయించుకోవాలి, ఒంటి మీద ఎక్కడ వేయించుకోవాలి, ఈ రెండే ఆమెకు కుదరడం లేదు.

ప్రొద్దుటూరులో టాటూ షాపు పెట్టుకున్న యువకుడు ఆమెను చూసి, కూతురి కోసమో కోడలి కోసమో కనుక్కోవడానికి వచ్చిందనుకున్నాడు. "నాకే" అని ఆమె చెప్పాక కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. ఒకే కాగితం మీద మూడు బొమ్మలు గీసిచ్చాడు. మొదటిది ఉత్త పేరు, సులోచన అని, గుండ్రటి అక్షరాల్లో. రెండోది అదే పేరు, చుట్టూ మల్లెతీగ. మూడోది, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచిపోతున్న ఇద్దరు ఆడపిల్లలు. వీపులు తప్ప మొహాలు కనపడవు.

"ఎక్కడ వేయమంటారు మేడమ్?" అన్నాడు.

మణికట్టు మీదైతే బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలంతా చూస్తారు, ఎవరు టీచర్ అని అడుగుతారు. భుజం మీదైతే జాకెట్టు చేతి కింద పడిపోతుంది. గుండె మీదైతే తనకు తప్ప ఎవరికీ కనపడదు. ఎవరికి కనపడాలి? ఆమె అక్కడే ఆగిపోయింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, గురువారం దాకా ఆగి, మౌలాలి తాత దగ్గరికి పోయింది.

మౌలాలి తాత పరుపులు కుట్టేవాడు. దూదేకులవాళ్ళ వీధి చివర రేకుల పందిరి కింద ఆయన పని. గురువారం పూట పదిమందో పాతికమందో వచ్చి ఆయన చుట్టూ కూర్చునేవాళ్ళు. దర్గాకు పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళు. ఆయన బోధించేదేమీ ఉండదు. వచ్చినవాళ్ళు బూరుగు దూదిలో గింజలు ఏరిపెడుతూ కూర్చుంటారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఒక మాట అంటాడు, లేకపోతే అదీ లేదు.

పదేళ్ళ కిందట భర్త పోయిన కొత్తలో ఇందుమతి ఆయన దగ్గరికి పరుపు తెచ్చింది. పడుకుంటే నిద్ర పట్టడం లేదు, దూది మార్చాలని అడిగింది. ఆయన పరుపును నాలుగు మూలలా నొక్కి చూసి, "పరుపు బాగుండాదమ్మా. నువ్వు కూర్చో" అన్నాడు. ఆ రోజు కూర్చున్నది, అప్పటినుంచి ప్రతి గురువారం వచ్చి కూర్చుంటూనే ఉంది.

ఆ పదేళ్ళలో భర్త సంగతులు చెప్పుకుంది, బడి సంగతులు చెప్పుకుంది, తన కోపం సంగతి కూడా చెప్పుకుంది. చెల్లెలి సంగతి మాత్రం చెప్పలేదు. తోడబుట్టినవాళ్ళు ఎంతమందమ్మా అని ఒకసారి ఆయన అడిగితే, "నేనొక్కదాన్నే తాతా" అంది.

ఆ వేళ మిగతావాళ్ళంతా లేచిపోయేదాకా కూర్చుని, ఆమె కాగితం తీసి ఆయన ముందు పరిచింది.

"వీటిలో ఏది వేయించుకోను తాతా? ఎక్కడ వేయించుకోను?"

మౌలాలి తాత అద్దాలు సర్దుకుని మూడు బొమ్మలూ చూశాడు. "ఎవరమ్మా ఈ సులోచన?"

"మా చెల్లెలు."

ఆయన కాగితం మీంచి చూపు తీసి ఆమె వైపు చూశాడు. ఆ చూపే ఇందుమతి చేత అంతా చెప్పించింది.

సులోచన ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్న. తల్లి లేకపోతే ఇందుమతే తల దువ్వింది, అక్షరాలు దిద్దించింది, డిగ్రీ దాకా చదివించింది. ఆ పిల్ల తాడిపత్రిలో ఫొటో స్టూడియో పెట్టుకున్న ఏసోబు అనే అతన్ని పెళ్ళి చేసుకుంటానంది. కులం కాదు, మతం కాదు. ఇందుమతి వద్దంది. వద్దన్నా చేసుకుని, దండలతో ఇద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నాకు చెల్లెలు లేదు, పోయిందనుకుంటా" అని ఇందుమతి తలుపు వేసింది.

పంతొమ్మిదేళ్ళు. కూతురు పుట్టినప్పుడు సులోచన ఫొటో పంపింది. ఇందుమతి కవరు విప్పకుండా తిప్పి పంపింది. ఫోన్లు వచ్చిన కాలంలో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక నంబరు మోగేది. ఆ నంబరు ఇందుమతికి కంఠతా వచ్చు. దానికి పేరు మాత్రం పెట్టుకోలేదు.

"ఈ మార్చిలో మోగింది తాతా. పరీక్ష పేపర్లు దిద్దుతున్నా. ఈ కట్ట అయ్యాక చూద్దామనుకున్నా. కట్ట అయిపోయింది. చెయ్యలేదు. దానికి కిడ్నీలు పాడై ఆస్పత్రిలో ఉందని నాకు తెలీదు. మూడో రోజు పోయిందట. నాకు నాలుగో రోజు తెలిసింది."

ఆమె ఏడవలేదు. బొమ్మల కాగితం అంచు సవరిస్తూ కూర్చుంది.

"అది నా ఒంటి మీద ఉండాలి తాతా. నేను పోయేదాకా ఉండాలి. నొప్పి పుడుతుందన్నాడు షాపతను. పుట్టనీ. ఎక్కడ వేయించుకోవాలో మీరు చెప్పండి."

మౌలాలి తాత చేతిలోని దబ్బనం పరుపుకు గుచ్చి పక్కన పెట్టాడు. ఎంత ఎండాకాలమైనా ఆయన నిండుచేతుల చొక్కానే వేసుకుంటాడు. ఎడమచేతి గుండీ విప్పి, చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచి, చేతిని ఆమె ముందు చాపాడు.

ముడతలు పడిన చర్మం మీద ఆకుపచ్చా నీలమూ కలిసిన మరక ఒకటి ఉంది.

"చదువు టీచరమ్మా."

ఇందుమతి వంగి చూసింది. అక్షరాలు అలికేసినట్టు ఒకదానిలోకి ఒకటి పాకిపోయాయి. మొదట ఒక 'న' లాంటిది ఉంది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు.

"చదవరావడం లేదు తాతా."

"నబీరసూలు. మా తమ్ముడు." ఆయన కూడా ఆ మరకనే చూస్తున్నాడు. "కరువు రోజుల్లో ఇద్దరమూ దూది ఏకుతా ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఒకనాడు పదిమందిలో వాణ్ణి కొట్టినా. తప్పు నాదే. వాడు అట్నుంచటే గుంతకల్లు పోయినాడు. నాకు మనసున పట్టక, తిరునాళ్ళలో కూర్చోని ఇది పొడిపించుకున్నా. మా మతంలో పచ్చబొట్టు వద్దంటారు, అయినా పొడిపించుకున్నా. నెత్తురొచ్చింది. చెయ్యి వాచింది. అప్పుడు నిమ్మళమాయ."

"తర్వాత ఆయన్ని కలుసుకున్నారా?"

"పదకొండేండ్లు బతికినాడమ్మా వాడు, గుంతకల్లులో. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పోవచ్చు." తాత ఆ మరక మీద బొటనవేలితో రుద్దాడు. "పోలేదు. పేరు చేతి మీద ఉండాది కదా."

 

"నాది వేరు కదా తాతా" అంది ఇందుమతి. "అది పోయింది. ఇక ఎవరి దగ్గరికి పోవాలి నేను?"

ఆయన చొక్కా చేతిని కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు. బొమ్మల కాగితాన్ని ఎట్లా ఉన్న మడత అట్లాగే మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకెందుకు చూపిస్తావమ్మా ఇది? ఆయమ్మను ఎరిగినోళ్ళకు చూపించు."

ఆదివారం పొద్దున ఇందుమతి తాడిపత్రి బస్సెక్కింది. ఆ ఊళ్ళో దిగడం ఆమెకు అదే మొదలు. ఫొటో స్టూడియో అనగానే ఆటో అతను, "చిన్నక్క వాళ్ళ ఇల్లా?" అన్నాడు. కాదు, ఏసోబు గారి ఇల్లంది. "అదేనమ్మా" అన్నాడతను.

ఏసోబు తలుపు తీసి ఆమెను గుర్తుపట్టాడు. జుట్టు తెల్లబడిన మనిషి. "లోపలికి రండి వదినా" అని పక్కకు తప్పుకున్నాడు. ఇందుమతి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

గోడ మీద సులోచన ఫొటో ఉంది. అందులో ఉన్న నలభై ఏళ్ళ ఆడమనిషిని ఇందుమతి ఎప్పుడూ చూడలేదు. బుగ్గలు నిండి, కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. చెల్లెలికి అద్దాలు వచ్చిన సంగతి ఆమెకు తెలియదు.

కూతురు సుహాసిని టీ తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పెద్దమ్మా అని పిలవలేదు. దేనికొచ్చారని మాత్రం అడిగింది. ఇందుమతి సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. అమ్మ గుర్తుగా పచ్చబొట్టు వేయించుకోవాలనుకుంటున్నానని, ఏది బాగుంటుందో చెప్పమని అడిగింది.

సుహాసిని మల్లెతీగ మీద వేలు పెట్టింది. "అమ్మకు మల్లెపూలు పడవు. వాసనకు తలనొప్పి వచ్చేది."

"చిన్నప్పుడు రోజూ నేనే పెట్టేదాన్ని" అంది ఇందుమతి.

"అప్పుడు కూడా వచ్చేదంట. మీరు కష్టపడి మాల కట్టేవాళ్ళని చెప్పేది కాదంట."

ఇందుమతి టీ గ్లాసు పట్టుకుంది కానీ ఎత్తలేదు.

"ఈ పేరుతో అమ్మని ఇక్కడెవరూ పిలవరు" అంది సుహాసిని. "వీధిలో అందరికీ చిన్నక్కే. వచ్చిన కొత్తలో అమ్మే అట్లా పిలవమందంట. చిన్నక్క అంటే మరి పెద్దక్క ఎవరని అడిగితే, ప్రొద్దుటూరులో టీచరు అని చెప్పేది."

ఏసోబు లేచి కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ పిల్ల మూడో బొమ్మను చాలాసేపు చూసింది. "వీళ్ళిద్దరిలో మీరెవరు?"

ఇందుమతి కూడా చూసింది. ఇద్దరూ ఒకే ఎత్తున ఉన్నారు. "తెలీదమ్మా."

సుహాసిని కాగితం బల్ల మీద పెట్టేసింది. "ఆ రోజు ఫోను కలిపింది నేనే. అమ్మ చెవి దగ్గర నేనే పట్టుకున్నా. ఆగేదాకా మోగింది. స్కూల్లో ఉందేమోలే అంది అమ్మ." ఆమె నేరుగా ఇందుమతి కళ్ళలోకి చూసింది. "స్కూల్లో ఉన్నారా?"

అవునంటే సరిపోయేది. ఆ పిల్లకు కూడా అదే కావాలని ఇందుమతికి అనిపించింది. పోయిన తల్లి మాట నిజమైపోయేది, గదిలో అందరికీ కొంచెం గాలి ఆడేది.

"ఇంట్లోనే ఉన్నా" అంది. "నంబరు చూశా. మీ అమ్మే అని తెలుసు. ఎత్తలేదు."

సుహాసిని లేచి లోపలికి పోయింది. తలుపు మెల్లగానే వేసుకుంది. అరగంట చూసినా బయటికి రాలేదు.

"టీ చల్లారిపోయింది వదినా, ఇంకోటి పెడతా" అన్నాడు ఏసోబు.

వద్దని చెప్పి ఇందుమతి ఆ చల్లారిన టీనే తాగింది. వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "మళ్ళీ ఆదివారం వస్తాను" అంది. రమ్మని అతను అనలేదు. వద్దని కూడా అనలేదు.

ఆమె మళ్ళీ ఆదివారం పోయింది. సుహాసిని ఇంట్లో ఉండి కూడా ముందుగదిలోకి రాలేదు. ఆ పై ఆదివారం వచ్చి, కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని, అమ్మ చిన్నప్పుడు ఏ వైపు జడ వేసుకునేదని అడిగింది. రెండు జడలు వేసేదాన్నని ఇందుమతి చెప్పింది. "రెండా?" అని ఆ పిల్ల లోపలికి పోయింది. అంతే ఆ రోజుకు. ఒక వారం ఏసోబు పెట్టెలోంచి, అప్పట్లో ఇందుమతి తిప్పి పంపిన కవరు తీసి చూపించాడు. ఇన్నేళ్ళూ వాళ్ళు కూడా విప్పలేదు. అతను ఇస్తే ఇందుమతి చించింది. లోపల పురిటి బిడ్డ ఫొటో, వెనక సులోచన చేతిరాత: అక్కా, దీని ముక్కు నీదే.

ఆ వేళ తిరుగు బస్సులో పక్కసీటు ఆమె, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగేదాకా, తను ఏడుస్తున్న సంగతి ఇందుమతికి తెలియలేదు.

వానలు మొదలయ్యాక సుహాసిని ఒకనాడు అన్నం తింటారా అని అడిగింది. కంచం పెట్టి, తను మాత్రం తర్వాత తింటానంది. పెద్దమ్మా అని ఇంకా పిలవలేదు. కానీ పప్పు వడ్డిస్తూ, తల ఎత్తకుండా, అమ్మకు ఈత ఎవరు నేర్పారు అని అడిగింది. ఇందుమతి చెప్పడం మొదలుపెడితే, గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి చివరిదాకా వింది.

ఈ నెలలన్నీ ఇందుమతి గురువారాలు కూడా మానలేదు. వచ్చి, దూది ముందు కూర్చుని, గింజలు ఏరి పోయేది. తాడిపత్రి సంగతి ఆమె చెప్పలేదు. మౌలాలి తాత అడగలేదు.

కార్తీకంలో ఒక గురువారం సాయంత్రం ఆమె లేవబోతుంటే ఆయన దారం కొరికి, చేతిలో పని ఆపకుండానే అడిగాడు.

"ఆ పచ్చబొట్టు ఏమాయ టీచరమ్మా? ఏ బొమ్మ, ఎక్కడ?"

ఇందుమతి చీర కుచ్చిళ్ళకు అంటిన దూది దులుపుకుంటూ నిలబడింది.

"ఇంకా తేలలేదు తాతా. ఈ ఆదివారం కూడా పోయి అడగాల."

మౌలాలి తాత తలూపాడు. దబ్బనంలోకి కొత్త దారం ఎక్కించుకున్నాడు.

"తేలనీయొద్దు" అన్నాడు.