ఐదు కలుగుల ఆసామి

జొన్నచేను కోత ముగిసి మోళ్లు మాత్రమే మిగిలిన రోజుల్లో, చేనిగట్టు మీద ప్రతి జీవికీ ఒకటే ధ్యాస: వానలు పడేలోగా నాలుగు గింజలు దాచుకోవడం. అక్కడి చీమల గాదెకు పెద్దదిక్కు వెంగమ్మ. అప్పు అడిగినవాడు ఎంత అడిగాడన్నదానికన్నా, అసలు అడుగుతున్నది ఎవరన్నదే ఆమెకు తీరని కుతూహలం.

ఆ ఏడు పందికొక్కు గున్నయ్య వచ్చి గాదెలో సగం కావాలన్నాడు. ఆ సగం తిరిగి రాకపోతే వానాకాలమంతా చీమపిల్లలకు పస్తులే.

"తీర్చేదెవరన్నా?" అంది వెంగమ్మ.

"నన్నొక్కణ్ణే చూడకు చెల్లెమ్మా. గట్టు పొడుగునా ఐదు కలుగులున్నాయి కదా, ఒకటి నాది. తక్కిన నాలుగూ నా కింది కాపురాలు. నేను మునిగినా వాళ్లు తీరుస్తారు. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా ఆ క్షణమే నీ గింజలు నువ్వు పట్టుకుపో."

"వాళ్లనొకసారి పలకరించవచ్చా?"

"దానికేం భాగ్యం" అంటూ గున్నయ్య లోపలికి దూరాడు. కాసేపటికి రెండో కలుగులోంచి "ఔను, మేం గున్నయ్య వాళ్లమే" అని బొంగురు గొంతు వినిపించింది. మరికాసేపటికి మూడోదాంట్లోంచి సన్నని గొంతు, ఆపైన నాలుగోదాంట్లోంచి మరొకటి. ఐదో కలుగులోంచి గొంతు ఆయాసపడుతూ వచ్చింది.

వెంగమ్మకు అనుమానం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. గున్నయ్య తిరిగి రాగానే అడిగింది: "మీవాళ్లు ఒకేసారి మాట్లాడరా అన్నా?"

"మర్యాదస్తులమ్మా, ఒకరి మాటకు ఒకరు అడ్డురారు. అన్నట్టు, ఎవరి వాటా వాళ్లింట్లోనే దింపించు. కలిపి పోస్తే చిన్నబుచ్చుకుంటారు."

"అలాగే" అని వెంగమ్మ చీమలను ఐదు బారులు తీర్చి, తలో గింజ ఎత్తించి, ఐదు కలుగుల్లోకి పంపింది. మొదటి బారుకు ముందు తానే నడిచింది.

ఎదురైన తోటిచీమను ముఖం తాకించి పలకరించకుండా సాగిపోవడం చీమల ఇంటావంటా లేదు. చీకట్లో మెలికలు తిరిగి వెంగమ్మ ఒక గదిలోకి అడుగుపెట్టేసరికి ఎవరో ఆమె ముఖం తాకారు. చూస్తే రెండో బారు. దాని వెనకే మూడోది. ఐదిళ్లకు బయలుదేరినవాళ్లంతా ఒకే గదిలో కుశలప్రశ్నలు వేసుకుంటున్నారు. మధ్యలో, వాళ్లకన్నా ముందే లోపలికి దూరి ఇంకా రొప్పుతూ, గున్నయ్య.

"తక్కిన కాపురాలేవన్నా?"

"పొరుగు చేలో పెళ్లికి వెళ్లారు."

"గొంతులు ఇక్కడే వదిలి వెళ్లారా?"

గున్నయ్య మీసాలు దువ్వుకున్నాడు. "వాకిళ్లు ఐదన్న మాట నిజమేగా."

"వాకిళ్లు నిజమే. నువ్వు మునిగితే బాకీ తీర్చేది వాకిళ్లా? పైన పటారం, లోన లొటారం" అంది వెంగమ్మ. చీమలు ఎత్తిన గింజ దించకుండానే వెనుదిరిగాయి.

తొలివాన ఆ సాయంత్రమే కురిసింది. ఐదు వాకిళ్లకూ మట్టి ఎగదోసుకోవడానికి గున్నయ్యకు తన రెండు చేతులే దిక్కయ్యాయి.

అప్పిచ్చేవాడు వాకిళ్లు లెక్కపెట్టి ఊరుకోరాదు, లోపలికి వెళ్లి కాపురాలు చూడాలి.