కామేశ్ పట్టిన డబ్బా

విశాఖపట్నంలో ఒక కిడ్నీ ఆసుపత్రిలో కామేశ్ అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. చదువులో చురుకే గానీ, తన నీడను తానే నమ్మని అనుమానపు మనిషి. క్యాంటీన్‌లో టీ పలచగా ఉంటే పాలలో నీళ్ళు కలిపారనేవాడు, చిక్కగా ఉంటే పిండి కలిపారనేవాడు. అలాంటివాడితో ఎలా వేగడం చెప్పండి!

అక్కడ డాక్టర్ రత్నాంబ గారు కొత్త డాక్టర్లకు పరిశోధన నేర్పేవారు. లక్షమందిలో ఏ ఒక్కరికో వచ్చే ఒక కిడ్నీ జబ్బుకు కొత్త మందును పరీక్షిస్తున్నారు. "ఈ జబ్బున్న పిల్లలు దొరకడమే గగనం. ఒక్కరిని పొరపాటున పోగొట్టుకున్నా మందు మంచిదో కాదో తేలదు" అని ఆవిడ మొదటిరోజే చెప్పారు. ఒక పగలూ రాత్రీ వచ్చే మూత్రమంతా డబ్బాలో ఎలా పట్టించాలో కూడా అప్పుడే వివరించారు. ఆ సమయంలో కామేశ్, పక్కవాడు తన రాతలు చూసి రాసుకుంటున్నాడేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని వాణ్ణే కనిపెడుతూ కూర్చున్నాడు. సగం విన్నాడు, సగం గాలికి వదిలేశాడు.

అతనికి అప్పగించిన పాప పేరు మంగ. తల్లి సన్నెమ్మ భీమిలి దగ్గర చేపలమ్ముకునేది. కొత్త మందు మొదలుపెట్టాక పాప ముఖంలో వాపు దిగింది. సన్నెమ్మకు ప్రాణం లేచొచ్చింది. తర్వాతి పరీక్షకు డబ్బా ఎలా పట్టాలో ఆమెకు కామేశే చెప్పాడు.

ఫలితం చూసి కళ్ళు చిట్లించాడు. ఆ జబ్బు వల్ల మూత్రంలో పోయే ప్రొటీన్ పెద్దగా తగ్గలేదు సరికదా, అంత చిన్న ఒంటికి ఒక్క రోజులో రావలసిన వ్యర్థం కంటే చాలా ఎక్కువ ఉంది.

"ఇందులో ఇంకెవరిదో కలిపావు కదూ? ఏం దాస్తున్నావు? మందు పాపకి వేస్తున్నావా, ఎవరికైనా అమ్ముకుంటున్నావా?" అని సన్నెమ్మను నిలదీశాడు.

"ఏటి బాబూ, అలగంటారు? మీరెలాగ సెప్పినారో అలాగే పట్టినాను. నా పిల్ల మీద ఒట్టు."

"అందరూ అలాగే అంటారు" అని కామేశ్, మందు పరీక్ష జాబితాలోంచి మంగ పేరు కొట్టేయమని రత్నాంబ గారిని అడగడానికి లేచాడు. పేరు కొట్టేస్తే మందు ఆగిపోతుంది. అది బయట ఏ కొట్లోనూ దొరకదు. సన్నెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవార కూలబడింది. పాపం, ఆ తల్లి ఎవరితో చెప్పుకుంటుంది?

రత్నాంబ గారు అంతా విని, సన్నెమ్మను లోపలికి పిలిపించారు. "నా దగ్గరొక పద్ధతుంది కామేశ్. రోగిని అనుమానించిన డాక్టరు, ముందు ఆ పరీక్ష తను చేయించుకోవాలి. సన్నెమ్మా, ఇతను నీకేం చెప్పాడో అదే ఇతనికి చెప్పు."

"రేపు పొద్దున్న లెగిసిన కాడ్నుంచి, ఎల్లుండి పొద్దున్న లెగిసి పోసీదాకా, ఒక్క సుక్క బయట పోనీకండి బాబూ" అంది సన్నెమ్మ.

"నేను చెప్పింది అక్షరాలా అదే" అన్నాడు కామేశ్.

అలాగే పట్టాడు. ఎవరైనా ఏదైనా కలుపుతారేమోనని డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ల్యాబ్‌కి కూడా తనే మోసుకెళ్ళాడు. తీరా చూస్తే, అతని ఫలితమూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చింది.

"ల్యాబ్‌లోనే ఎవరో..." అంటూ మొదలుపెట్టాడు.

"ల్యాబ్ సంగతి తర్వాత. డబ్బా నీది, తాళం నీది, తాళంచెవి నీ జేబులో ఉంది. ఎవరిది కలిపావు నాయనా?" అన్నారు రత్నాంబ గారు.

"ఎవరిదీ కలపలేదు మేడమ్, ఒట్టు" అన్నాడు కామేశ్. అని, నాలుక కరుచుకున్నాడు. ఆ ఒట్టు మొన్న ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చింది.

"పొద్దున్న లేవగానే వచ్చేది ముందు రాత్రంతా ఒంట్లో చేరినది. మొదటిరోజు దాన్ని పారబోసి, ఆ తర్వాత నుంచే పట్టాలి. రెండు ఉదయాలవీ ఒకే డబ్బాలో పట్టిస్తే ఎక్కువ రాక ఏమవుతుంది? మొదటిరోజే చెప్పాను. నువ్వప్పుడు పక్కవాడికి కాపలా కాస్తున్నావు" అన్నారావిడ.

కామేశ్ సిగ్గుతో చితికిపోయాడు. వరండాలో ఉన్న సన్నెమ్మ దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదమ్మా. అన్యాయంగా నిన్ను నిందించాను" అన్నాడు.

"మీరేటి సెప్పినారో ఒక్కపాలి నన్నడిగుంటే సరిపోయీది కద బాబూ" అంది సన్నెమ్మ.

ఈసారి సరిగ్గా పట్టించారు. ప్రొటీన్ సగానికి తగ్గింది. మందు పనిచేస్తోంది, మంగ పేరు నిలిచింది. అప్పటినుంచి కామేశ్ ఏ తల్లికి ఏం చెప్పినా, "ఏదీ, నేనేం చెప్పానో ఒకసారి చెప్పమ్మా" అని అడిగేవాడు.

నీతి: పరిశోధన చేసేవాడికి అనుమానం ఉండాల్సిందే, కానీ అది ముందు తన పని మీద పడాలి, ఆ తర్వాతే ఎదుటివాడి మీద.